ఒకే కోడ్, రెండు ఎయిర్‌పోర్ట్‌లు

పోయిన శుక్రవారం మా ఆఫీస్ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో పోల్ పెట్టారు. 'బేగంపేట ఎయిర్‌పోర్ట్ మళ్లీ తెరవాలా? అవును / కాదు.'

పది నిమిషాల్లో ముప్పై ఓట్లు పడ్డాయి. దాదాపు అన్నీ 'అవును'కే. కొంపల్లిలో ఉండే మా టీమ్ లీడ్ అయితే, "బెంగళూరు ఫ్లైట్ గంటే. ఎయిర్‌పోర్ట్‌కి పోవడానికి రెండు గంటలు" అని ఏడుపు ఎమోజీ కూడా పెట్టాడు. సికింద్రాబాద్ బ్యాచ్ మొత్తం దాన్ని లైక్ చేసింది.

నేను ఓటు వేయలేదు. ఫోన్ పక్కన పెట్టేసి చాయ్ తాగడానికి వెళ్లిపోయా. సాయంత్రం టీమ్ లీడ్ అడిగాడు: "ఏం బ్రో, సైలెంట్‌గా ఉన్నావ్? బేగంపేట వద్దా నీకు?"

వద్దని కాదు. కావాలని కూడా కాదు. మాది అలియాబాద్. పాతబస్తీలో శాలిబండ దాటాక వస్తుంది. మా ఇంట్లో బేగంపేట అంటే నానమ్మ, శంషాబాద్ అంటే నాన్న. ఆ పోల్‌లో రెండు ఆప్షన్లే ఉన్నాయి. నా ఆన్సర్ అందులో ఇమడదు. అందుకే ఈ వారం కాలమ్‌లో రాస్తున్నా.

గ్రిల్ బయట నిలబడ్డవాళ్లు

నాన్న ఏసీ మెకానిక్. నాకు రెండేళ్లున్నప్పుడు, 1999లో కువైట్ పోయాడు. రెండేళ్లకోసారి సెలవు. వస్తే నలభై రోజులు, మహా అయితే రెండు నెలలు. కాబట్టి నా చిన్నప్పుడు నాన్న అంటే ఒక సూట్‌కేసు, ఒక సెంటు వాసన, ఒక ఎయిర్‌పోర్ట్.

ఆయన్ని పంపడానికి ఎవరెవరు వచ్చేవాళ్లో చెబితే నవ్వుతారు. అమ్మ, నేను, నానమ్మ, ఇద్దరు బాబాయిలు, మేనత్త, వాళ్ల పిల్లలు. అద్దెకి తీసుకున్న ఒక సుమోలో అందరం. బయల్దేరే ముందు నానమ్మ లాల్‌దర్వాజ అమ్మవారి కుంకుమ పెట్టేది. పక్కింటి చాచీ వచ్చి నాన్న కుడిచేతికి ఇమామ్ జామిన్ కట్టేది. తెలియనివాళ్లకి చెబుతున్నా: గుడ్డలో ఒక నాణెం పెట్టి, ప్రయాణం పోయేవాళ్ల జబ్బకి కడతారు. క్షేమంగా చేరాక ఆ నాణెం ఎవరైనా పేదవాళ్లకి ఇచ్చేయాలి. నుదుట కుంకుమతో, చేతికి ఇమామ్ జామిన్‌తో నాన్న ఫ్లైట్ ఎక్కేవాడు. మా గల్లీలో దాన్ని ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు.

నయాపూల్, అబిడ్స్, లక్డీకాపూల్, పంజాగుట్ట దాటి బేగంపేట. రాత్రిపూట అరగంట. పగలైతే దేవుడి దయ. నాన్న లోపలికి వెళ్లాక మేమంతా బయట గ్రిల్ దగ్గర నిలబడేవాళ్లం. నానమ్మ రెండు చేతులతో ఇనుప చువ్వలు పట్టుకుని, చివరి అనౌన్స్‌మెంట్ దాకా కదిలేది కాదు. తర్వాత ఎక్కడో ఒక పెద్ద శబ్దం, పైన ఒక లైటు. "గదేరా మీ నాయిన" అనేది. అది ఏ ఊరి విమానమో ఆమెకి తెలియదు, నాకూ తెలియదు. కానీ ఇద్దరం చెయ్యి ఊపేవాళ్లం.

పాతబస్తీలో ఇలాంటి కథ లేని గల్లీ దొరకడం కష్టం. 1973లో ఆయిల్ ధరలు పెరిగాక గల్ఫ్‌లో పనులు పెరిగాయి. మనవాళ్లు కట్టడాలకి, డ్రైవింగ్‌కి, దుకాణాలకి, ఆస్పత్రులకి బారులు తీరారు. బార్కస్ వాళ్ల సంగతి ఇంకా పాతది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు వాళ్లు. 'బ్యారక్స్' అన్న మాటే నోళ్లలో నాని బార్కస్ అయింది. తాతలు అరబ్ దేశం నుంచి ఇక్కడికి వస్తే, మనవలు పని కోసం మళ్లీ అటు విమానమెక్కారు.

ఆ రన్‌వే మీద దిగిన చరిత్ర

బేగంపేట మొదట నిజాం ప్రభుత్వం హయాంలో, 1930లలో మొదలైన ఎయిర్‌ఫీల్డ్. 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ పుట్టింది. నిజాం ప్రభుత్వానిది పెద్ద వాటా, మిగిలింది టాటాలది. డకోటా విమానాలు నడిపేవాళ్లు. అంటే మన హైదరాబాద్‌కి ఒకప్పుడు సొంత ఎయిర్‌లైన్ ఉంది. 1953లో దేశంలోని ప్రైవేట్ విమాన కంపెనీలన్నిటినీ జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఆ డెక్కన్ ఎయిర్‌వేస్ గురించి ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ప్రేమ్ మాథుర్ అనే అమ్మాయి 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ సంపాదించింది. ఆడపిల్ల విమానం నడిపితే ప్రయాణికులు భయపడతారని కంపెనీలు వరసగా తిప్పి పంపాయి. ఉద్యోగం ఇచ్చింది హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ అలా బేగంపేట కంపెనీలో చేరింది.

పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబర్‌లో. ఐదు నెలల తర్వాత, 1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ హైదరాబాద్ వచ్చినప్పుడు, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వయంగా బేగంపేటకి వచ్చి చేతులు జోడించి స్వాగతం చెప్పాడు. ఆ ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఎవరి దగ్గరికీ తను వెళ్లే అలవాటు లేని రాజు, ఒక విమానం కోసం వెయిట్ చేసిన చోటు అది.

తర్వాత 1972లో కొత్త టెర్మినల్ వచ్చింది. ఊరు పెరిగింది, విమానాలు పెరిగాయి. రన్‌వే మాత్రం ఒక్కటే. ఒకవైపు సికింద్రాబాద్, ఇంకోవైపు బాలానగర్, మధ్యలో ఇళ్లు. పెంచుదామంటే జాగా లేదు. ఐటీ వచ్చాక 2000 తర్వాత టెర్మినల్ ఎంత ఇరుగ్గా ఉండేదో, నాన్న ట్రాలీ తోసుకుంటూ బయటికి రావడానికి ఎంతసేపు పట్టేదో నాకు బాగా గుర్తు.

రాత్రికి రాత్రే డిప్లాయ్‌మెంట్

శంషాబాద్‌కి 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. జీఎంఆర్ గ్రూప్, మలేషియా ఎయిర్‌పోర్ట్స్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కట్టాయి. సుమారు 5,500 ఎకరాలు. మెయిన్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంత పొడవు ఎందుకంటే, మనది దక్కన్ పీఠభూమి. అక్కడ నేల సముద్రమట్టానికి ఆరొందల మీటర్ల పైన ఉంది. దానికి మే నెల ఎండ తోడవుతుంది. ఎత్తు పెరిగినా వేడి పెరిగినా గాలి పల్చబడుతుంది. పల్చటి గాలిలో రెక్కలకి లిఫ్ట్ తక్కువ. నిండా ఇంధనం, నిండా జనం ఉన్న పెద్ద విమానం లేవాలంటే ఎక్కువ దూరం పరుగెత్తాలి.

2008 మార్చి 14న ప్రారంభోత్సవం. 23వ తేదీ మొదలైన అర్ధరాత్రి నుంచి కమర్షియల్ విమానాలన్నీ అక్కడికే. అదే రాత్రి బేగంపేటలో సర్వీసులు ఆగిపోయాయి. అంతకుముందే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు పాత ఎయిర్‌పోర్ట్‌లు మూయొద్దని దేశమంతా సమ్మె చేశారు. బేగంపేట మూతపడింది, రెండు నెలలకి బెంగళూరు పాత ఎయిర్‌పోర్ట్‌లోనూ సర్వీసులు ఆగాయి.

సాఫ్ట్‌వేర్‌వాడిగా ఆ రాత్రి గురించి ఆలోచిస్తే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. మేం ఒక సర్వర్ మార్చాలంటే ముందు ఐదు శాతం ట్రాఫిక్ మళ్లిస్తాం, లాగ్స్ చూస్తాం, తేడా వస్తే వెనక్కి లాగేస్తాం. ఇక్కడ ఆ చాన్స్ లేదు. నిచ్చెన బండ్లు, లగేజీ ట్రాక్టర్లు, కంప్యూటర్లు, కస్టమ్స్, ఇమిగ్రేషన్, ఇంధనం, ఫైర్ ఇంజిన్లు అన్నీ కొత్త చోట అదే గంటకి రెడీగా ఉండాలి. గాల్లో ఉన్న పైలట్‌కి ఎటు దిగాలో డౌట్ ఉండకూడదు. అందుకే విమానాల చార్టులు, డేటా ప్రపంచమంతా 28 రోజులకోసారి, ముందే ప్రకటించిన తేదీల్లో మారుస్తారు. దాన్ని ఐరాక్ సైకిల్ అంటారు. మేం చేసే స్ప్రింట్లకి అది ముత్తాత.

అన్నిటికన్నా నాకు నచ్చింది కోడ్ మార్పు. టికెట్ మీద, లగేజీ ట్యాగ్ మీద ఉండే మూడక్షరాలు 'హెచ్‌వైడీ'. 2008 మార్చి దాకా అంటే బేగంపేట. ఆ తర్వాత శంషాబాద్. పాతదానికి 'బీపీఎం' అని కొత్త పేరు పెట్టారు. పైలట్లు, కంట్రోలర్లు వాడే నాలుగక్షరాల కోడ్‌లో మాత్రం బేగంపేట 'వీఓహెచ్‌వై'గానే మిగిలింది, శంషాబాద్‌కి 'వీఓహెచ్‌ఎస్' వచ్చింది. అంటే ప్రయాణికులకి కనిపించే పేరు అదే, అది చూపించే చోటు మారింది. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకి అర్థమయ్యే ఉంటుంది: వేరియబుల్ పేరు ముట్టుకోకుండా లోపల వాల్యూ మార్చేశారు.

మా నాన్న సూట్‌కేసుకి రెండు ట్యాగులు ఇప్పటికీ వేలాడుతున్నాయి. ఒకటి 2006లో వచ్చినప్పటిది, ఇంకోటి 2008ది. రెండిటి మీదా అదే హెచ్‌వైడీ. రెండూ వేరే వేరే ఎయిర్‌పోర్ట్‌లు.

"గీ గేటుకెళ్లే రావాలె"

ఈ మార్పు సిస్టమ్‌లన్నిటికీ చేరింది కానీ మా నానమ్మకి చేరలేదు.

2006లో నాన్నని బేగంపేట నుంచి పంపాం. తిరిగొచ్చింది 2008 మేలో. నేను అప్పుడు పదకొండేళ్లవాణ్ణి. సుమో ఎక్కాక డ్రైవర్ ఫలక్‌నుమా వైపు తిప్పేసరికి నానమ్మ అరిచింది.

"ఎటు పోతున్నవ్‌ర నాయనా? ఎయిర్‌పోర్టు అటు గదా!"

"అమ్మా, ఎయిర్‌పోర్టు మారింది. శంషాబాద్ పోయింది."

"ఎయిర్‌పోర్టు పోవుడేంది? అదేమన్న బస్సా? నా కొడుకు గీ గేటుకెళ్లే పోయిండు, గీ గేటుకెళ్లే రావాలె."

బాబాయిలు నవ్వారు. నేనూ నవ్వా. ఇప్పుడైతే నవ్వను. కొడుకుని ఎక్కడ వదిలిందో అక్కడే మళ్లీ తీసుకోవాలని ఆమె లెక్క. అందులో తప్పేముంది?

చాంద్రాయణగుట్ట, బార్కస్, పహాడీషరీఫ్, మామిడిపల్లి. కొత్త ఎయిర్‌పోర్ట్ చూసి మేమంతా నోరు తెరిచాం. ఆ అద్దాలు, ఆ లైట్లు, ఆ పచ్చగడ్డి. నానమ్మ మాత్రం గ్రిల్ వెతుక్కుంది. దొరకలేదు. "ఇమానం కూడ కానరాదు ఈడ. అంత అద్దమే" అంది. నాన్న వచ్చాక ఆయన గడ్డం పట్టుకుని మొదట అడిగింది: "ఈడ దిగమని నీకెవలు జెప్పిన్రు బిడ్డా?"

రాత్రులే ఎందుకు?

చాలామంది అడుగుతారు, గల్ఫ్ ఫ్లైట్లన్నీ అర్ధరాత్రో తెల్లవారుజామునో ఎందుకుంటాయని. గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌కి వాళ్ల ఊరు ఒక జంక్షన్. కాజీపేట జంక్షన్ అనుకోండి. నాలుగు దిక్కుల నుంచి వచ్చే బళ్లు ఒకే టైమ్‌కి కలిస్తేనే జనం ఒకదాన్నుంచి ఇంకోదానికి మారగలరు. మన దగ్గర నుంచి పొద్దెక్కకముందే లేస్తే, అక్కడ పొద్దున యూరప్, అమెరికా వెళ్లే ఫ్లైట్లు అందుతాయి. ఆ జంక్షన్ టైమ్ ప్రకారమే మన నిద్ర చెడుతుంది. కువైట్‌లోనే దిగిపోయే ఏసీ మెకానిక్‌కి ఏ కనెక్షనూ అక్కర్లేదు. అయినా అతనూ ఆ టైమ్‌కే పోవాలి.

ఇంకో సరదా విషయం. రన్‌వే చివర్లలో పెద్ద నంబర్లు రాసి ఉంటాయి. దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే వచ్చేదే ఆ నంబర్. తూర్పు 90 డిగ్రీలు, అంటే 09. పడమర 270, అంటే 27. బేగంపేట రన్‌వే, శంషాబాద్ రన్‌వే రెండూ 09-27 లే. రెండూ తూర్పు పడమరలు. విమానం లేవడానికైనా దిగడానికైనా ఎదురుగాలి మంచిది. వానాకాలంలో మనకి గాలి పడమర వైపు నుంచి కొడుతుంది కాబట్టి, తూర్పు నుంచి వచ్చి పడమర ముఖంగా దిగుతాయి. బేగంపేట రోజుల్లో సికింద్రాబాద్ మేడల మీద అంత కిందికి విమానాలు కనిపించింది అందుకే.

ఆ రోజు పొద్దున

ఇక అసలు విషయం. నేను ఆ పోల్‌లో 'అవును' నొక్కలేకపోయిన కారణం.

2012లో నానమ్మ పోయింది. రాత్రి పదకొండింటికి. నాన్న కువైట్‌లో ఉన్నాడు. కంపెనీ దగ్గరున్న పాస్‌పోర్ట్ తీసుకుని, టికెట్ దొరికి, ఎక్కి దిగేసరికి మధ్యలో ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోయాయి. ఇంట్లో ఐస్ బాక్స్ తెచ్చి పెట్టారు. పెద్దవాళ్లు "ఇంకెంతసేపు ఉంచుతం?" అంటున్నారు. రెండోరోజు పదకొండింటికి పురానాపూల్ తీసుకుపోవాలని ఖాయం చేశారు. పెద్దకొడుకు వస్తే సరే. లేకపోతే బాబాయి తలకొరివి పెడతాడు.

ఆ ఫ్లైట్ పొద్దున దాదాపు ఎనిమిదింటికి దిగింది. ఇమిగ్రేషన్ క్యూ దాటి నాన్న బయటికి వచ్చేసరికి తొమ్మిది కావస్తోంది. చేతిలో ఒక చిన్న బ్యాగ్. మేం మామిడిపల్లి రోడ్డు పట్టాం. ఆఫీస్ ట్రాఫిక్ అంతా మాకు ఎదురుగా వస్తోంది, మా వైపు రోడ్డు ఖాళీ. తొమ్మిదిన్నర దాటిందో లేదో, మా గల్లీ మొదట్లో దిగాం. చాచీ గుమ్మంలో నిలబడి ఉంది. నాన్నని చూసి "ఆగయా బేటా" అని మాత్రం అంది.

నాన్నకి వాళ్లమ్మ పక్కన గంటన్నర దొరికింది.

అదే బేగంపేట అయి ఉంటే? పొద్దున తొమ్మిదింటికి పంజాగుట్ట, లక్డీకాపూల్, అబిడ్స్, అఫ్జల్‌గంజ్ దాటి అలియాబాద్ రావాలి. మ్యాప్‌లో అది దగ్గరే, పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు. శంషాబాద్ ఇరవై దాకా ఉంటుంది. కానీ ఆ టైమ్‌కి ఆ దగ్గర, దగ్గర కాదు.

నానమ్మకి నచ్చని ఎయిర్‌పోర్టే ఆమె కొడుకుని టైమ్‌కి తెచ్చింది. ఇప్పుడు చెప్పండి, నేను ఏ బటన్ నొక్కాలి?

మధ్యలో ఉన్న రోడ్డు సంగతి

అలాగని శంషాబాద్‌తో పాతబస్తీకి అన్నీ కలిసొచ్చాయని కాదు. మొత్తం నగరంలో ఎయిర్‌పోర్ట్‌కి దగ్గరగా ఉన్న పాత మొహల్లాలు మావి. కానీ ఎయిర్‌పోర్ట్‌కని కట్టిన పెద్ద రోడ్డు మా మీద నుంచి పోలేదు. 2009 అక్టోబర్‌లో మొదలైన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మెహదీపట్నం దగ్గర ఎక్కితే, 11.6 కిలోమీటర్ల తర్వాత ఆరాంఘర్‌లో దించుతుంది. బంజారాహిల్స్ వాళ్లకి బ్రహ్మాండం. అలియాబాద్ వాడు దాన్ని ఎక్కాలంటే ముందు వెనక్కి పోవాలి.

మెట్రో సంగతి మీకు తెలిసిందే. మొదటి దశ ప్లాన్‌లో గ్రీన్ లైన్ ఫలక్‌నుమా దాకా ఉంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. అంటే మూసీ ఒడ్డున. 2022 డిసెంబర్‌లో ఎయిర్‌పోర్ట్ మెట్రోకి శంకుస్థాపన చేశారు, రాయదుర్గం నుంచి. ఏడాదికి ప్రభుత్వం మారింది, ఆ ప్లాన్ పక్కకి పోయింది. కొత్త ప్లాన్‌లో నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా ఎయిర్‌పోర్ట్. ఎంజీబీఎస్ నుంచి వచ్చే పాతబస్తీ లైను కూడా చాంద్రాయణగుట్టలోనే కలుస్తుంది. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో పాతబస్తీ లైనుకి శంకుస్థాపన జరిగింది. మొదటిసారి మ్యాప్‌లో మా మీద నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ఒక గీత వచ్చింది. గీత రైలు అయ్యేదాకా నేను పెద్దగా సంబరపడను.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2025 జనవరిలో జూపార్క్ - ఆరాంఘర్ ఫ్లైఓవర్ తెరిచారు, నాలుగు కిలోమీటర్లది. బహదూర్‌పురా వైపు వాళ్లకి నిజంగా తేడా తెలుస్తోంది. మా గల్లీలో క్యాబ్ నడిపే ముగ్గురూ దాన్ని తెగ పొగుడుతారు.

మొదట్లో ఏడాదికి 1.2 కోట్ల మంది కోసం కట్టిన శంషాబాద్‌లో 2023-24లో రెండున్నర కోట్ల మంది తిరిగారు. కెపాసిటీ ఇప్పుడు 3.4 కోట్లకి పెంచారు. అంత పెద్ద వ్యాపారం మా ఇంటి నుంచి ఇరవై కిలోమీటర్ల దూరంలో. మా గల్లీ నుంచి అక్కడికి పోయేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. దేశం వదిలి పోయేవాళ్లు, వాళ్లని దింపి వచ్చేవాళ్లు.

మూడో రకం లేరా అంటే, ఉన్నారు. సయ్యదా సల్వా ఫాతిమా పాతబస్తీ అమ్మాయే. నాన్న బేకరీలో పనిచేసేవారు. ఆమె మన ఏవియేషన్ అకాడమీలో చేరి, కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకుని, ఎయిర్‌లైన్ పైలట్ అయింది. ఒకరు వెళ్లారంటే దారి ఉందని అర్థం. ఆ దారిలో ఇంకా ఎంతమంది పడతారన్నదే అసలు లెక్క.

మరి బేగంపేట?

బేగంపేట చచ్చిపోలేదు. ఎయిర్‌ఫోర్స్ ఉంది, వీవీఐపీల విమానాలు, ప్రైవేట్ జెట్లు దిగుతాయి. రోజూ టికెట్ కొనుక్కుని ఎక్కే సర్వీసులు మాత్రం లేవు. మా టీమ్ లీడ్‌కి చెప్పా, పోల్ పెట్టినంత మాత్రాన తెరుచుకోదని. శంషాబాద్ ఒప్పందంలోనే ఒక షరతు ఉంది: 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్ల పాటు పోటీ ఎయిర్‌పోర్ట్ రాకూడదని. వరంగల్‌లో నిజాం కాలం నాటి మామునూరు ఎయిర్‌పోర్ట్‌ని తిరిగి లేపాలన్నా ముందు జీఎంఆర్ 'మాకు అభ్యంతరం లేదు' అనాల్సి వచ్చింది. ఆ తర్వాతే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. వరంగల్ వాళ్ల ఎదురుచూపు ముందు మన రెండు గంటల ట్రాఫిక్ ఎంత?

బేగంపేట రన్‌వే దగ్గరికి మామూలు జనం వెళ్లే చాన్స్ వింగ్స్ ఇండియా ఏవియేషన్ షో. 2024 జనవరిలో జరిగింది. ఎయిర్ ఇండియా తన కొత్త ఏ350ని జనానికి తొలిసారి చూపించింది ఆ షోలోనే. వీకెండ్‌లో నేను నాన్నని తీసుకెళ్లా. ఆయన 2020 జూన్‌లో, కోవిడ్ టైమ్‌లో, వందే భారత్ ఫ్లైట్‌లో కువైట్ నుంచి పూర్తిగా వచ్చేశాడు. అప్పుడు శంషాబాద్‌లో దిగి కూడా వారం రోజులు హోటల్ రూమ్‌లో, ఇంకో వారం ఇంట్లోనే వేరే గదిలో ఉన్నాడు. తర్వాత మళ్లీ పోలేదు.

షోలో విమానాలు చూశాడు. ఎండలో నిలబడి విన్యాసాలు చూశాడు. బయటికి వచ్చాక రోడ్డు మీద ఆగిపోయాడు. పాత టెర్మినల్ వైపు చూస్తూ, "మీ నానమ్మ నిలబడేది ఎక్కడ్రా?" అన్నాడు.

"అదిగో, అటువైపు అనుకుంటా. గ్రిల్ ఉండేది కదా. నీకు గుర్తులేదా?"

"నేను ఎన్నడు సూడలే" అన్నాడు. "ఎనకకి తిరిగితే పోలేనని, తలకాయ తిప్పకుండనే లోపటికి పోతుంటి."

పద్దెనిమిదేళ్ల తర్వాత నేనే చెప్పా ఆయనకి. నానమ్మ రెండు చేతులతో చువ్వలు పట్టుకునేదని. చివరి అనౌన్స్‌మెంట్ దాకా కదిలేది కాదని. ఏ విమానం లేచినా "గదేరా మీ నాయిన" అనేదని. నాన్న ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక "చాయ్ తాగుదం పా" అన్నాడు.

సోమవారం ఆఫీస్‌కి వెళ్లి గ్రూప్ ఓపెన్ చేశా. పోల్ ఇంకా ఉంది. 'అవును' కాదు, 'కాదు' కాదు, కింద ఒక మెసేజ్ పెట్టా: 'ఫలక్‌నుమా నుంచి ఎయిర్‌పోర్ట్‌కి మెట్రో. ఈ ఆప్షన్ యాడ్ చేయండి, ఓటు వేస్తా.'

టీమ్ లీడ్ యాడ్ చేశాడు. ఇప్పటికి తొమ్మిది ఓట్లు. అందులో ఒకటి కొంపల్లిది.